లావు బిడ్డకు మొదటి బహుమతి

ఆసుపత్రి వదిలి ప్రజారోగ్య శాఖలోకి ఎందుకు వెళ్ళావని ఎవరడిగినా సేవ కోసమని చెప్పేదాన్ని. శిక్షణకు ఎంపిక చేసేవాళ్ళు అడిగినప్పుడూ అదే చెప్పాను. ఎదురుగా కూర్చున్న ముగ్గురూ తృప్తిగా తలలాడించారు. అసలు సంగతి చెప్పడానికి ఇప్పుడు మొహమాటం లేదు. ఆ ఉద్యోగంలో రాత్రి డ్యూటీ ఉండదనీ, తిరగడానికి జీపు ఇస్తారనీ నాతో చదువుకున్న స్నేహితురాలు చెప్పింది. జీపులో ముందు సీట్లో కూర్చుని ఊళ్ళోకి వెళ్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ దరఖాస్తు నింపాను.

అప్పటికి నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళుగా స్టాఫ్ నర్సును. మా మేట్రన్‌కు రోగుల మీదకంటే దుప్పట్ల మీద శ్రద్ధ ఎక్కువ. మంచానికి నాలుగు మూలలా దుప్పటి ఒకే కొలతలో మడత పడి ఉండాలి. పెద్ద డాక్టరుగారు రౌండ్సుకు వచ్చే వేళకు ఆ మడత చెదరకూడదని రోగులను కదలవద్దనేవాళ్ళం. కడుపునొప్పితో మెలికలు తిరిగే మనిషి కూడా ఆ అరగంటసేపు కర్రలా పడుకొనేవాడు. డాక్టరుగారు అతన్ని చూసి, "ఇవాళ బాగానే ఉన్నట్టున్నాడే" అని పక్క మంచానికి సాగిపోయేవారు. ఆ వార్డులో నా మాటకు ఎదురు లేదు. నేను సరేనంటేనే రోగి మంచినీళ్ళు తాగాలి, నేను గంట కొడితేనే చుట్టాలు లోపలికి రావాలి. ఇంతమంది నా మాట వింటున్నారంటే నాకు చాలా తెలుసన్నమాట అనుకునేదాన్ని. వాళ్ళకు లేచి వెళ్ళిపోయే ఓపిక లేక వింటున్నారని అప్పట్లో తోచలేదు.

మా నాన్న మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. నా నిర్ణయం విని ఆయన మూడు రోజులు ప్రార్థన చేసి, దేవుడు ఏమీ చెప్పలేదు కాబట్టి అభ్యంతరం లేనట్టే అన్నాడు. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"తెల్లబట్టలు కట్టుకోని ఫ్యాను కింద చేసే ఉద్యోగం వదిలిపెట్టి, పల్లెలెంట తిరగతావా? మందులోళ్ళు తిరిగినట్టు?"

"జీపు ఇస్తారమ్మా" అన్నాను.

అమ్మ కాస్త ఆలోచించింది. "అయితే ఆదివారం గుడికి కూడా దాంట్లోనే రావచ్చునా?" అంది.

మద్రాసులో పది నెలల శిక్షణ. అందులో నాకు బాగా గుర్తుండిపోయింది సంచి పాఠం. ప్రజారోగ్య నర్సు చేతిలో ఒక నల్లసంచి ఉంటుంది. ఇంట్లోకి వెళ్ళగానే ఆ సంచిని నేల మీద పెట్టకూడదు. ముందు ఒక వార్తాపత్రిక పరవాలి. దాని మీద సంచి పెట్టి, సబ్బు మాత్రం బయటికి తీసి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆ తర్వాతే సంచిలో మిగతావి ముట్టుకోవాలి. ఈ వరుసలో ఒక్క మెట్టు తప్పినా మార్కులు పోయేవి. ఇంకో నియమం కూడా చెప్పారు. ఏ ఇంటికి వెళ్ళినా అక్కడ మెచ్చుకోదగింది ఒకటి వెతికి, మెచ్చుకుని, తర్వాత తప్పులు చెప్పాలి. మేం ముప్ఫైమందిమి ఒకరి సంచిని ఒకరు మెచ్చుకుంటూ దీన్ని సాధన చేశాం. నాకు సంచి పాఠంలో మొదటి స్థానం వచ్చింది.

నన్ను వేసింది మైపాడుకు ఎగువన, బకింగ్‌హాం కాలువకు అవతలి వైపు, కొత్తగా పెట్టిన ఆరోగ్య కేంద్రానికి. బస్సు దిగి, పడవలో కాలువ దాటి, సరుగుడు తోటల మధ్య ఇసుకలో నడిచాను. కేంద్రం ముందు జీపు నిజంగానే ఉంది. నాలుగు చక్రాల చోట నాలుగు ఇటుకల దొంతులున్నాయి. చక్రాలు రిపేరుకు పోయాయట. అవి ఎప్పుడు పోయాయో డాక్టరుగారికి కూడా తెలియదు. ఆయన రాకముందే పోయాయి. ముందు సీట్లో ఒక కోడి గుడ్ల మీద కూర్చుని ఉంది.

డాక్టరుగారు నాకంటే చిన్నవారు. మంచివారే. నెల్లూరుకు బదిలీ ఎప్పుడొస్తుందా అని ప్రతిరోజూ పడవ రేవు వైపు చూసేవారు. నేను చేరిన రోజున ఆయన నాకిచ్చిన సలహా ఒక్కటే.

"సిస్టర్, మీరు పని ఎలా చేసినా ఎవరూ అడగరు. రిపోర్టు మాత్రం ప్రతి నెలా అయిదో తేదీకి వెళ్ళిపోవాలి. ఆరో తేదీన వెళ్తే అడుగుతారు."

మర్నాడు నా సంచి తీసుకుని సముద్రపు ఒడ్డున ఉన్న బెస్తపల్లెకు నడిచాను. అక్కడ అందరూ చేపలు పట్టేవాళ్ళే. మగవాళ్ళు తెప్పల మీద సముద్రంలోకి పోతారు, ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మడానికి ఊళ్ళ మీదకు పోతారు. మొదటి గుడిసెలో ఒక చూలాలు ఉందని తెలిసి లోపలికి వెళ్ళాను. వాళ్ళు చాప వేశారు. దాని పక్కన నేను పత్రిక పరిచి, దాని మీద సంచి పెట్టాను. గడప దగ్గర వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఆసక్తిగా ముందుకు జరిగాడు.

"అందులో గాలివాన కబురేమన్నా రాసినారామ్మా?"

"ఇది పోయిన నెలది తాతా."

"మరి పాత కాయితం ఎందుకు తెచ్చినావు?"

"సంచికి మురికి అంటకుండా" అన్నాను.

ఆయన నేలవైపు చూశాడు. పొద్దున్నే పేడతో అలికి, ఇంకా తడి కూడా ఆరని నేల. మళ్ళీ వల్లోకి తలదించాడు.

తర్వాతి మెట్టు చేతులు కడుక్కోవడం. నీళ్ళు అడిగాను. ఆ చూలాలే లేచి ముంతతో తెచ్చింది. మోచేతుల దాకా సబ్బు రాసేసరికి ముంత అయిపోయింది. ఇంకోటి తెచ్చింది. మూడోదీ తెచ్చింది. అప్పుడు గుడిసె మూలనుంచి ఒక గొంతు వినపడింది.

"మూడు చాలునా, ఇంకా కావాల్నా?"

అక్కడ ఒక ముసలామె వక్క కొరుకుతూ కూర్చుని ఉంది. సన్నగా, నల్లగా, చెవులకు పోగులు వేలాడుతూ ఉంది. ఆ పల్లెకు మంత్రసాని. అందరూ అవ్వా అనే పిలిచేవాళ్ళు.

"చాలు అవ్వా" అన్నాను.

"చాలితే మంచిదే. కుండలో ఇంకా సగం ఉండాయి. చెలమ దిబ్బకవతల ఉంది. మళ్ళా రేపు పొద్దున్నే గదా పోయేది."

సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేవనే సంగతి మద్రాసులో ఏ పాఠంలోనూ రాలేదు. ఇసుకలో గొయ్యి తీసి, ఊరే నీటిని చిప్పతో తోడి కుండకు పోసుకోవాలి. నిండుచూలాలు తెచ్చుకున్న ఆ రోజు నీళ్ళలో సగం నేను చేతులకు పోసుకున్నాను. ఆ తడి చేతులతోనే పరిశుభ్రత గురించి పావుగంట ఉపన్యసించాను. నియమం ప్రకారం ముందు ఇంట్లో ఒకదాన్ని మెచ్చుకోవాలి కదా. కంగారులో కుండ చాలా బాగుందని మెచ్చుకున్నాను.

ఆరు నెలలు అలా తిరిగాను. వార్డులో రోగి నా కోసం పడుకుని ఉండేవాడు. ఇక్కడ నేను వెళ్ళేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. ఉన్నవాళ్ళు మర్యాదగా వింటారు, నేను దిబ్బ దాటగానే తమకు తోచింది చేస్తారు. బిడ్డకు కాటుక పెట్టవద్దు అంటే, "అట్నేమ్మా" అని, నేను మళ్ళీ వెళ్ళేసరికి ఇంకొంచెం పెద్దగా పెట్టేవాళ్ళు. కాన్పుకు నన్ను పిలవమని చెప్పాను. అందరూ పిలుస్తామన్నారు. అవ్వనే పిలిచారు. సర్కారువాళ్ళు మంత్రసానులకు శిక్షణ ఇచ్చి, కత్తెర, బ్రష్షు, సబ్బు పెట్టిన అల్యూమినియం డబ్బా ఒకటి పంచారు. అవ్వకూ వచ్చింది. దాంట్లో ఆమె వక్కాకు పెట్టుకునేది. కత్తెర మాత్రం కాన్పులకే వాడేది. కాచి వాడుతున్నావా అని అడిగితే, "నీ చేతులు కడిగినన్ని నీళ్ళు కావాలామ్మే దానికి. అయినా కాస్తాండాలే" అంది.

నా దగ్గర పిల్లల రిజిస్టరు ఒకటి ఉండేది. అట్ట గట్టిది, గళ్ళు అందమైనవి. పుట్టిన తేదీ అనే గడి దగ్గర నా కలం ఆగిపోయేది. ఏ తల్లీ తేదీ చెప్పలేదు. ఉత్తరపు గాలికి పుట్టిందని ఒకామె, మా మరిది తెప్ప తిరగబడిన రోజుకు బిడ్డకు మూడు దినాలని ఇంకొకామె. వీటికి గడిలో చోటు లేదు. నేను గడులు ఖాళీగా వదిలి, రిపోర్టులో మాత్రం రిజిస్టరు సక్రమంగా నిర్వహిస్తున్నామని రాసి అయిదో తేదీకి పంపేదాన్ని.

అలా ఉండగా నెల్లూరు నుంచి ఒక కాగితం వచ్చింది. ప్రతి కేంద్రంలోనూ ఆరోగ్యవంతమైన శిశువుల పోటీ జరపాలి. ఏడాది లోపు పిల్లల్ని తూచి, పరీక్షించి, అందరికంటే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు బహుమతి ఇవ్వాలి. జిల్లా ఆరోగ్యాధికారి స్వయంగా వస్తారు. డాక్టరుగారు దాన్ని రెండుసార్లు చదివి, నా బల్ల మీద పెట్టి, పడవ రేవు వైపు చూశారు.

ఏర్పాట్లు మొదలుపెట్టాను. పిల్లల్ని తూచే యంత్రం వచ్చింది, దాని మీద పౌండ్లున్నాయి. నింపాల్సిన ఫారంలో కిలోలున్నాయి. కిలోలు కొత్తగా వచ్చిన రోజులవి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడానికి కాంపౌండరుకూ నాకూ ఒక సాయంత్రం పట్టింది. లెక్క సరిచూస్తే, ఒక బిడ్డ తన తల్లికంటే బరువున్నట్టు తేలింది. మళ్ళీ చేశాం. బహుమతి ఏమిటంటే ఒక పెద్ద డబ్బాడు పాలపొడి. డబ్బా మీద బుగ్గలు పొంగిన తెల్లబిడ్డ బొమ్మ ఉంది. పంచాయతీ ప్రెసిడెంటుగారు దాన్ని నెల్లూరు నుంచి తెప్పించి విరాళంగా ఇచ్చారు. కాలువ పక్కన వరిపొలాలున్న ఆసామి ఆయన. తన కూతురి కొడుకు కూడా పోటీలో ఉంటాడని డబ్బాతో పాటే కబురు చేశారు.

తర్వాత బెస్తపల్లెకు వెళ్ళి ఇల్లిల్లూ తిరిగాను. బొద్దుగా ఉన్న పిల్లల తల్లులందరూ తలుపులు మూసుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డను పదిమందిలో పెట్టి, తూచి, అందరికంటే లావని మైకులో చెప్పించుకోవడం కంటే దిష్టికి దగ్గర దారి లేదని వాళ్ళ లెక్క. చిక్కిపోయిన పిల్లల తల్లులు మాత్రం పిలవకపోయినా వెంటపడ్డారు. ఎముకలు తేలిన బిడ్డను చంకనేసుకుని ఒకామె నా వెనకే దిబ్బ దాకా వచ్చింది.

"ఆ రోజు పెద్ద డాకటేరు వస్తాడంట గదమ్మా. మా బిడ్డను చూస్తాడా?"

"అది బాగున్న పిల్లలకమ్మా" అన్నాను.

"బాగున్న పిల్లలకు డాకటేరు ఎందుకు?"

పోటీకి పేర్లిచ్చినవాళ్ళలో పదకొండుమంది జబ్బు పిల్లలు, ఒక్క ప్రెసిడెంటుగారి మనవడు. ఈ లెక్కన మొదటి బహుమతి ఎవరికో ముందే తెలిసిపోయింది. అధికారి వచ్చి చూస్తే నా ఉద్యోగం ఏమవుతుందో కూడా తెలిసిపోయింది. దిక్కు తోచక అవ్వ దగ్గరకు వెళ్ళాను. ఆమె తన గుడిసె ముందు చేపలు ఎండబెట్టుకుంటోంది.

"అవ్వా, నువ్వు చెప్తే వస్తారు."

"చెప్తే వస్తారు. ఎందుకు చెప్పాల?"

"నాకు మాట వస్తుంది."

అవ్వ చేపలు తిరగేసి, కాకిని తోలి, నా ముఖం చూసింది. "బాగుండే బిడ్డలను నేను తోలకొస్తా. ఆ పదకొండుమంది సన్నబిడ్డలను మీ డాకటేరు కూర్చోని చూడాల. పోతా పోతా కాదు. కూర్చోని."

సరేనన్నాను. డాక్టరుగారి తరఫున మాట ఇచ్చే అధికారం నాకు లేదు. అయినా ఇచ్చేశాను.

పోటీ రోజున కేంద్రం ముందు పందిరి వేశారు. బ్యాటరీతో మాట్లాడే మైకు వచ్చింది. జీపు మీద టార్పాలిన్ కప్పి, దాని మీద పూలకుండీలు పెట్టాం. అవ్వ అన్నమాట ప్రకారం తొమ్మిదిమంది తల్లుల్ని తీసుకొచ్చింది. ఒక్కో బిడ్డ నుదుట, బుగ్గన, అరికాలిలో కలిపి మూడు నాలుగు కాటుక చుక్కలున్నాయి. సన్నబిడ్డల తల్లులు పందిరి వెనక వేపచెట్టు నీడలో కూర్చున్నారు. వాళ్ళు అధికారి కంటపడకుండా మధ్యలో ఒక దుప్పటి కట్టమని డాక్టరుగారు చెప్పారు. ఎనిమిదేళ్ళ అనుభవం నాకు అక్కడ పనికొచ్చింది. మడత చెదరకుండా కట్టాను.

ప్రెసిడెంటుగారి కూతురు బండిలో దిగింది. బిడ్డ బాగా పుష్టిగా ఉన్నాడు. బంగారు మొలతాడు, చేతులకు కడియాలు, కాళ్ళకు వెండి అందెలు, మెడలో రెండు పేటలు. తూకానికి ముందు నగలు తీయమన్నాను.

"తీస్తే బిడ్డ ఏడుస్తాడు" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఉండనివ్వండి సిస్టర్" అన్నారు డాక్టరుగారు.

బంగారంతో సహా తూచి, పౌండ్లను కిలోలు చేసి రాశాను. వయసు అడిగితే తల్లి తండ్రివైపు చూసింది. "ఎనిమిది నెలలు" అన్నారాయన. ఆ బిడ్డ అప్పటికే నా బల్ల అంచు పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. ఒకసారి నన్ను పేరులాంటిదేదో పెట్టి పిలిచాడు కూడా. ఎనిమిది నెలలని రాశాను. మిగిలిన పిల్లల వయసులు తల్లులు చెప్పిన గాలివానల్నిబట్టి అంచనా వేసి రాసుకున్నాను.

అధికారిగారు వచ్చారు. పొడవాటి మనిషి, ఓపికమంతుడు. ప్రెసిడెంటుగారు మాట్లాడారు. డాక్టరుగారు మాట్లాడారు. పిల్లలందరూ ఏడుస్తుంటే, మైకు కూడా వాళ్ళతో కలిసి కీచుమంది. పల్లెల్లో శిక్షణ పొందిన మంత్రసానులు ఉన్నారని అధికారికి చూపించడానికి అవ్వను కూడా వేదిక మీద ఒక ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టాం. ఒళ్ళో అల్యూమినియం డబ్బా పెట్టుకుని ఆమె కదలకుండా కూర్చుంది. అధికారిగారికి ఆమెను చూస్తే ముచ్చటేసింది.

"అవ్వా, నువ్వు కూడా రెండు మాటలు చెప్పు" అన్నారు.

"నాకేం మాటలొస్తాయి సామీ. ఈ బిడ్డలంతా నా చేతుల మీద పుట్టినోళ్ళే. వరసగా చెప్పమంటే చెప్తా."

"చెప్పు మరి."

అవ్వ లేచి, వేలు చూపిస్తూ మొదలుపెట్టింది. ఈ పిల్ల సొరచేప వలలో పడి వల చినిగిన మర్నాడు పుట్టింది, ఏడు నెలలు. ఈ పిల్లోడు గంగమ్మ కొలువు రోజు, తొమ్మిది. దీని తల్లి మూడు పొద్దులు నొప్పులు పడింది, ఇది అయిదు. ఒక్కో బిడ్డ దగ్గరా ఆగి, తల్లి ఒంటి సంగతి కూడా కలిపి చెప్పింది. నేను ఫారం తీసి చూసుకున్నాను. నా అంచనాలు ఒక్కటీ కలవలేదు. చివరికి ప్రెసిడెంటుగారి మనవడి దగ్గరకు వచ్చేసరికి అవ్వ ముఖం వెలిగింది.

"ఈ అబ్బయ్య కూడా నా చేతుల మీదోడే. కాలవకట్ట తెగి బండి నెల్లూరు పోలేకపోతే ప్రెసిడెంటుగారే మనిషిని పంపించి నన్ను పిలిపించినారు. బిడ్డ కాళ్ళతో వచ్చినాడు. నేను చేసిన కాన్పుల్లో అంత కష్టం ఎప్పుడూ పడలా. ఇద్దరినీ దక్కించినా."

ఆమె గొప్పగా చెప్పుకుంటోంది. అంతకుమించి ఆ మాటలో ఏమీ లేదు. అధికారిగారు మాత్రం నుదురు రుద్దుకున్నారు.

"కాలువకట్ట తెగినప్పుడు కలరా సూదులు వేయించడానికి నేనే కదా వచ్చాను. అది పోయిన ఏడాది కదూ?" అని వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పది దాటి మొదటి చేతికి మళ్ళీ వచ్చారు. పద్నాలుగు దగ్గర ఆగారు.

ప్రెసిడెంటుగారి కూతురు తల దించుకుంది.

"ఇంట్లో ఆడవాళ్ళు ఎనిమిదని చెప్పినారు. నేను అదే చెప్పినా" అన్నారు ప్రెసిడెంటుగారు. ఆయన వెనక ఇంట్లో ఆడవాళ్ళుగా వచ్చింది ఆ ఒక్క కూతురే.

అధికారిగారు ఊరికే అధికారి కాలేదు. గొంతు సవరించుకుని, ఏడాది దాటిన పిల్లలకు కూడా ఒక విభాగం పెట్టాలని తాను ముందునుంచీ అనుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ విభాగంలో ఉన్నది ఒక్కరే కాబట్టి ప్రెసిడెంటుగారి మనవడికి మొదటి బహుమతి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏడాది లోపు విభాగంలో సొరచేప పడిన మర్నాడు పుట్టిన ఆడపిల్లకు వచ్చింది. ఆ తల్లి బిడ్డను కొంగు కింద దాచేసుకుంది. ఫొటో తీసేటప్పుడు కూడా కొంగు తీయలేదు. అచ్చులో ఆ బిడ్డ కాలు ఒక్కటే పడింది.

డబ్బా మాత్రం ఒక్కటే ఉంది. ప్రెసిడెంటుగారు అది తన ఇంటినుంచి వచ్చిందే కదా, మళ్ళీ తన ఇంటికే ఎందుకని పెద్దమనసుతో అన్నారు. అధికారిగారు దాన్ని ఆ బెస్త తల్లి చేతిలో పెట్టి, "సిస్టర్, దీన్ని ఎలా కలపాలో ఈమెకు నేర్పండి" అని నాతో అన్నారు. తల్లిపాలు తాగి పోటీ గెలిచిన బిడ్డకు ఆ పాలు మానిపించి పొడి కలపడం నేర్పాలన్నమాట. తల్లిపాలను మించింది లేదని నేను స్వయంగా రాసిన అట్ట ఆయన తల వెనకే వేలాడుతోంది.

"ఇది నీ బిడ్డకు అవసరం లేదమ్మా" అని మెల్లగా చెప్పాను.

"మరేం చేయమంటావు నర్సమ్మా?"

అవ్వ వేదిక దిగి వచ్చి, ఆమె చేతిలో డబ్బా అడక్కుండానే తీసుకుంది. దుప్పటి పక్కకు తోసి వేపచెట్టు కిందకు వెళ్ళింది. ఆ రోజు దిబ్బ దాకా నా వెంట వచ్చిన తల్లి ఒళ్ళో పెట్టింది. "నీకు పాలు పడలేదు గదా. దీన్ని కాచిన నీళ్ళల్లో కలపాలంట. ఈ నర్సమ్మ రోజూ వచ్చి చూపిస్తాది" అంది. నన్ను అడగలేదు.

అలా దుప్పటి తొలగిపోవడంతో అధికారిగారు పదకొండుమంది పిల్లల్నీ చూసేశారు. "వీళ్ళెవరు?" అన్నారు.

"చికిత్స కోసం వచ్చినవాళ్ళు సార్. కార్యక్రమం అవగానే డాక్టరుగారు చూస్తానన్నారు" అని చెప్పాను. డాక్టరుగారు నావైపు చూశారు. ప్రెసిడెంటుగారి ఇంట్లో భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. అధికారిగారు, "చాలా మంచిది, కానివ్వండి" అని డాక్టరుగారి భుజం తట్టి భోజనానికి వెళ్ళిపోయారు.

"సిస్టర్, ఇదేం పని?" అన్నారు డాక్టరుగారు.

"కూర్చుని చూడాలట. అవ్వకు మాట ఇచ్చాను."

ఆయన గడియారం చూసుకుంటూ మొదటి బిడ్డను చూశారు. రెండో బిడ్డ దగ్గర గడియారం చూడటం మానేశారు. నాలుగో బిడ్డ కనురెప్ప ఎత్తి, చూపు పోయే ముందు కంట్లో వచ్చే తెల్లని పొడలు చూసి, నన్ను పిలిచి చూపించారు. చేపనూనె సీసాలు ఎన్నున్నాయని అడిగారు. కాంపౌండరును పిలిచి నీళ్ళు కాయించారు. భోజనాలు అయిపోయి విస్తళ్ళు ఎత్తేసినా ఆయన లేవలేదు. పొద్దు వాలేటప్పుడు ఎవరో ఆడమనిషి తన ఇంటినుంచి తెచ్చిన అన్నం, ఎండుచేప పులుసు ఆయన ముందు పెట్టింది. ఆయన శాకాహారి. పులుసు పక్కకు జరిపి, అన్నం మజ్జిగతో తిన్నారు.

"చదువుకునేటప్పుడు ఇట్లా పని చేస్తానని అనుకున్నాను సిస్టర్" అన్నారు చేయి కడుక్కుంటూ. ఆ తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. మూడు నెలలకు బదిలీ వచ్చి వెళ్ళిపోయారు. అయితే ఆ మూడు నెలలూ వారానికొకసారి నాతో కలిసి దిబ్బ దాటి పల్లెకు వచ్చేవారు.

ప్రెసిడెంటుగారు ఊరుకోలేదు. నర్సు పిల్లల వయసులు తప్పుగా రాసి సభలో పెద్దమనుషుల్ని అవమానించిందనీ, ఆమె రికార్డులు నమ్మదగినవి కావనీ నెల్లూరుకు అర్జీ పెట్టారు. రెండో మాట పూర్తిగా నిజం. రిజిస్టరుతో సహా సంజాయిషీ ఇమ్మని నాకు మెమో వచ్చింది. తనిఖీ చేసే ఉద్యోగి నెల తర్వాత వస్తాడు. రిజిస్టరు తెరిచి చూసుకున్నాను. పుట్టిన తేదీల గడులన్నీ తెల్లగా ఉన్నాయి.

మధ్యాహ్నాల్లో రిజిస్టరు చంకన పెట్టుకుని అవ్వ గుడిసెకు వెళ్ళడం మొదలుపెట్టాను. సంచి కేంద్రంలోనే వదిలేసేదాన్ని. ఆమె ఎండుచేపలకు కాపలా కాస్తూ చెప్పేది, నేను పంచాంగం ముందు పెట్టుకుని గాలివానల్నీ కొలువుల్నీ పున్నముల్నీ తేదీలుగా మార్చేదాన్ని. ఒక్క ఏడాదితో ఆమె ఆగలేదు. పల్లెలో తన చేతుల మీద పుట్టినవాళ్ళందరినీ చెప్పుకుంటూ వెనక్కి పోయింది. పోయినవాళ్ళను కూడా చెప్పింది. ఫలానా ఇంట్లో రెండో బిడ్డ తొమ్మిదో రోజున దవడలు బిగుసుకుని పోయింది. ఫలానా వాళ్ళకు కవలలు, ఒకటే నిలిచింది. పుట్టిన తొమ్మిదో రోజు అన్నమాట ఆమె నోట చాలాసార్లు వచ్చేసరికి, అది కాచని కత్తితో బొడ్డు కోస్తే వచ్చే ధనుర్వాతమని అర్థమై కలం ఆపాను.

"ఈ మధ్య అట్లా పోయినవాళ్ళు ఉన్నారా అవ్వా?"

"లేరు. ఆ కత్తెర కాచేది మొదలుపెట్టినాక ఒక్కరూ పోలా." ఒక చేపను తిరగేసి, "ముందే ఎవరన్నా చెప్పింటే కాసుంటా గదా" అంది.

అప్పటికి పద్నాలుగేళ్ళుగా నర్సు చదువూ ఉద్యోగమూ చేస్తున్నాను. అక్కడికి పదిహేను మైళ్ళ దూరంలో దుప్పట్లు మడతపెడుతూ ఉన్నాను.

చివరిగా తన పిల్లల్ని చెప్పింది. ఐదుగురు. ఇద్దరు బతికి ఉన్నారు. "అది కూడా రాసుకో" అంది. రాశాను.

తనిఖీ ఉద్యోగి వచ్చి రిజిస్టరు తిరగేశాడు. ఏడాది లోపు పిల్లల తేదీలన్నీ ఉన్నందుకు సంతోషించాడు. వెనక పేజీలు చూసి కంగారుపడ్డాడు.

"ఇవన్నీ ఏమిటి? కేంద్రం తెరవకముందు పుట్టినవాళ్ళతో మనకు సంబంధం లేదు కదా."

"సమాచారం దొరికింది, రాశానండి."

"ఎవరిచ్చారు సమాచారం?"

అవ్వను పిలిపించాను. ఆయన ఆమెను కిందినుంచి పైదాకా చూసి, చదువు రాదు కాబట్టి ప్రతి పేజీ అడుగున వేలిముద్ర వేయించమన్నాడు. వేయకపోతే రికార్డు చెల్లదట. సిరా బిళ్ళ తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఇది ఎందుకమ్మే?" అంది అవ్వ.

"నువ్వు చెప్పింది నిజమని."

"నిజమని చెప్పినా గదా" అంటూ వేలు సిరాలో అద్దుకుని, మొదటి పేజీ మీద గట్టిగా నొక్కింది. మొత్తం పంతొమ్మిది పేజీలు.